గుద్దింది వాడు, కట్టింది నేను

హైదరాబాద్ హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే ఆగి ఉన్నాను. వెనక సీట్లో మా అమ్మాయి, దాని ఒళ్ళో కేకు డబ్బా. ఢామ్మని చప్పుడు. కారు ఓ అడుగు ముందుకు జరిగింది, కేకు కింద పడింది. దిగి చూస్తే వాటర్ క్యాన్లు వేసుకొచ్చిన టాటా ఏస్ ట్రాలీ మా డిక్కీలోకి ముక్కు దూర్చి నిలబడింది. నాలుగైదు క్యాన్లు రోడ్డు మీద దొర్లుతున్నాయి. డ్రైవర్ కుర్రాడికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో, దిగగానే నా వైపు రాలేదు, క్యాన్లు ఏరుకోవడానికి పోయాడు. దానికి నాకు కోపం రాలేదు. ఒక్క క్యాన్ పగిలినా వాడి జీతంలోంచే కోస్తారని నాకు తెలుసు.

"బ్రేకు పడలే అన్నా. గల్తీ అయింది. పోనియ్యన్నా."

ఇన్సూరెన్స్ కాగితం చూపించమన్నాను. ఓనర్ కాడ ఉందన్నాడు. సరేనని అక్కడే నిలబడి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టాను. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి, ట్రాఫిక్ హోంగార్డు పక్కకి తియ్యమని కర్ర ఊపుతున్నాడు, నేనేమో ఫోన్లో ఆ చిన్న చక్రం తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. వచ్చింది. ఇన్సూరెన్స్ గడువు ముగిసి ఏడాదిన్నర దాటింది.

ఓనర్‌కి ఫోన్ చేయించాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, చిన్నదానికి కేసులెందుకు సార్, పిల్లగాడు గరీబోడు, రెండు వేలు ఫోన్‌పే చేస్తా, మీకెట్లాగూ ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటది కదా, క్లెయిమ్ చేసుకోండ్రి." ఈ లోపు చుట్టూ చేరిన నలుగురిలో ముగ్గురు కూడా అదే మాట. నీకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, ఇంకేంటి నీ బాధ అన్నట్టు చూశారు. వాడికి ఇన్సూరెన్స్ లేకపోవడం ఎవరికీ తప్పుగా కనిపించలేదు, నాకు ఉండటమే ఏదో సౌకర్యంలా కనిపించింది.

ఆ "ఎట్లాగూ ఉంటది కదా" అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు నా డబ్బు సంగతి చెప్పేస్తాను. నాకు ఉన్నది ప్యాకేజీ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనుకునేది. ఇందులో రెండు ముక్కలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, ఇది చట్టం ప్రకారం ఉండి తీరాలి. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే నా కారుకు దెబ్బ తగిలితే నా కంపెనీ బాగుచేయించేది, ఇది మన ఇష్టం. ఎదుటివాడికి ఇన్సూరెన్స్ ఉందా లేదా, తప్పు ఎవరిది అన్న వాటితో ఓన్ డ్యామేజ్‌కి సంబంధం లేదు. సర్వేయర్ వస్తాడు, ఫొటోలు తీసుకుంటాడు, షోరూంవాడు బిల్లు వేస్తాడు, కంపెనీ కడుతుంది. తర్వాత కావాలంటే ఆ కంపెనీ గుద్దినవాడి మీద పడి వసూలు చేసుకోవచ్చు. ముప్పై వేల బిల్లు కోసం వాటర్ క్యాన్ల ట్రాలీ వెంట పడే కంపెనీని నేనైతే చూడలేదు.

నా బిల్లు 31,600 అయింది. వెనక బంపర్ కొత్తది, డిక్కీ డోర్‌కి టింకరింగ్, పెయింటింగు, ఒక టెయిల్ ల్యాంపు. జీరో డెప్ అనే యాడ్ ఆన్ (సామాను పాతబడిన తరుగు కొయ్యకుండా ఇచ్చే అదనపు కవర్) తీసుకోబట్టి సరిపోయింది, లేకపోతే ప్లాస్టిక్ సామానులో సగం ధర నా నెత్తినే పడేది. 1500 సీసీ లోపు కారు కాబట్టి తప్పనిసరి కోత 1,000 రూపాయలు, ఇంకో ఆరువందలు గ్రీజులూ నట్లూ పేరు మీద. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు దెబ్బ కనిపించనిది. అది ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్.

క్లెయిమ్ చెయ్యకుండా ఉంటే ఏటేటా ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు పెరుగుతుందని తెలుసు కదా, 20, 25, 35, 45, చివరికి 50 శాతం. నాది 45 దగ్గర ఉంది, ఈ రెన్యువల్‌కి 50 కావాలి. ఒక్క క్లెయిముతో సున్నాకి వచ్చాను. ఒక రాత్రి కాగితం మీద లెక్క వేశాను. మొదటి ఏడాది నాకు పోయేది 50 శాతం. మరుసటేడు 20 వస్తుంది, కాని రావాల్సింది 50, తేడా 30. తర్వాత 25, తర్వాత 15, తర్వాత 5. అన్నీ కలిపితే 125 శాతం. నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గింపులు లేకుండా ఎనిమిది వేలు అనుకుంటే అయిదేళ్ళలో పది వేలు, పైగా జీఎస్టీ. కారు పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి ఓ వెయ్యి అటూ ఇటూ. అంటే ఆగి ఉన్న నా కారుని వెనక నుంచి వచ్చి ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే, నా "ఫుల్ ఇన్సూరెన్స్" పెట్టిన ఖర్చు నాకు పదకొండు పన్నెండు వేలు. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అని ఇంకో యాడ్ ఆన్ ఉంటుంది, అది తీసుకుని ఉంటే ఇది తప్పేది, తీసుకోలేదు. (బిల్లు పది వేల లోపుంటే మాత్రం క్లెయిమ్ జోలికి పోకండి, మీ చేతి నుంచి పెట్టుకోవడమే నయం. ఈ లెక్క ఏ ఏజెంటూ వేసి చెప్పడు.)

సరే, రేకు సంగతి రేకుది. ఆ రాత్రి నిద్ర పట్టనిది ఇంకో ఆలోచనతో. వెనక సీట్లో ఉన్న పిల్లకి ఏమైనా అయి ఉంటే?

ఇక్కడే మనలో చాలామందికి పెద్ద అపోహ ఉంది, నాకూ ఉండేది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అంటే నేను ఎవరినైనా గుద్దితే వాళ్ళకి వచ్చే డబ్బు. నన్ను ఎవరైనా గుద్దితే నాకు వచ్చే డబ్బు కాదు. నేను ఏటా 3,416 రూపాయలు కట్టేది (1000 నుంచి 1500 సీసీ కార్లకి 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు) నా వల్ల రోడ్డు మీద వాళ్ళకి అన్యాయం జరగకూడదని. చాలా గొప్ప ఏర్పాటు, కాదనను. కాని అది ఒక నమ్మకం మీద నిలబడింది: నేను నీకోసం కడతాను, నువ్వు నాకోసం కడతావు. నువ్వు కట్టకపోతే? నా పాలసీలో ఆ ప్రశ్నకి జవాబు లేదు.

పూర్తిగా లేదనలేం. ఓనర్ కమ్ డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తప్పనిసరి, బైకులకి లక్ష, కార్లకి రెండు లక్షలుగా ఉన్నదాన్ని 2018 చివర్లో 15కి పెంచారు. అయితే ఇది ఎప్పుడు వస్తుందో పాలసీలో చదివారా? చనిపోతే. రెండు కాళ్ళో, రెండు చేతులో, రెండు కళ్ళో పోతే. ఒక కాలో ఒక కన్నో పోతే సగం. శాశ్వతంగా ఏ పనీ చెయ్యలేని స్థితి వస్తే. అంతే. తొడ ఎముక విరిగి రాడ్ వేయించుకుని ఆరు నెలలు మంచం మీద ఉంటే దీంట్లోంచి రూపాయి రాదు. పైగా అది ఓనర్ నడుపుతున్నప్పుడు ఓనర్‌కి మాత్రమే, లైసెన్స్ చెల్లుబాటులో ఉంటేనే. వెనక సీట్లో పిల్లకి కాదు.

వెనక సీట్లో పిల్లకి నా ప్యాకేజీ పాలసీలోంచి రావాలంటే, సాధారణంగా ఆ ప్రమాదంలో తప్పు కొంతైనా నాదై ఉండాలి. ఇంకోసారి చదవండి. సిగ్నల్ దాటుతూ నేనే ఎవరినో గుద్ది ఉంటే మా అమ్మాయికి నా కంపెనీ నుంచి పరిహారం అడిగే దారి ఉండేది. నేను బుద్ధిగా ఎర్రలైటు దగ్గర ఆగాను కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. తప్పంతా ఎదుటివాడిది, వాడికి కంపెనీ లేదు.

ఇది ఊహ కాదని నాకు తెలియడానికి కారణం మా బాబాయి.

తెనాలిలో ఉంటాడు. రైసు మిల్లులో గుమాస్తాగా చేసి మానేశాడు. 2017లో ఒక పొద్దున్న పాల ప్యాకెట్లకని బయటికి వెళ్ళి రోడ్డు దాటుతుంటే బైకు గుద్దింది. కుడికాలు తొడ దగ్గర విరిగింది. నడిపిన కుర్రాడు పారిపోలేదు, వాడే ఆటో పిలిచి ఎక్కించి ఆసుపత్రికి తీసుకొచ్చాడు, బాబాయి బిడ్డలా పక్కనే కూర్చున్నాడు. వాళ్ళ నాన్న తాపీ మేస్త్రి. బైకు ఆయన పేరు మీద ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, కొన్నప్పటి నుంచీ ఇన్సూరెన్స్ కట్టిన పాపాన పోలేదు.

ఆసుపత్రికి మాకు నాలుగు లక్షల పైన అయింది. కేసు వేశాం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ అంటారు, మామూలుగా జిల్లా కోర్టే. నాలుగేళ్ళు నడిచింది. న్యాయమూర్తి చాలా ఓపిగ్గా విని, 6,40,000 రూపాయలు, దాని మీద 7.5 శాతం వడ్డీ ఇవ్వాలని తీర్పు చెప్పారు, దీన్నే అవార్డు అంటారు. మా పిన్ని ఆ రోజు స్వీట్లు పంచింది. లాయరు గారు మాత్రం స్వీటు తింటూనే అన్నారు, "అమ్మా, అవార్డు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు."

అవతల కంపెనీ ఉంటే అవార్డు వచ్చిన కొన్ని నెలల్లో చెక్కు కోర్టులో డిపాజిట్ అయిపోతుంది, అయితే గియితే హైకోర్టుకి అప్పీలుకెళ్తారు. ఇక్కడ అవతల ఉన్నది తాపీ మేస్త్రి. తీర్పు అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేశాం. మోటారు వాహనాల చట్టంలో 174వ సెక్షన్ ఉంది, దాని ప్రకారం ట్రిబ్యునల్ సర్టిఫికెట్ ఇస్తే కలెక్టరు ఆ సొమ్మును భూమిశిస్తు బకాయిలా వసూలు చేసి ఇవ్వాలి. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ మేస్త్రికి జప్తు చెయ్యడానికి భూమి లేదు. ఉన్నది అద్దె ఇల్లు, ఒక బైకు. ఆ బైకుని అప్పటికే పాత ఇనుము ధరకి అమ్మేశాడు. నెలకి రెండు వేలు, మూడు వేలు చొప్పున తెచ్చి ఇచ్చాడు, మొత్తం అరవై వేల దాకా వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ఒకసారి ఆయన ఇంటికొచ్చి వరండాలో చెప్పులు విడిచి, కింద కూర్చుని, అయ్యా ఈ నెల పని లేదు అంటే మా బాబాయే కుర్చీ వేయించి టీ ఇప్పించాడు. పిన్ని లోపల నుంచి గిన్నెలు గట్టిగా పెట్టింది. ఆ ఇంట్లో ఆ రోజు తప్పు ఎవరి వైపు ఉందో నాకు తేల్చుకోవడం కష్టమైంది.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ఆ కుర్రాడు ఆగకుండా పారిపోయి, బండి ఏదో ఎవరికీ తెలియకుండా పోయి ఉంటే అది హిట్ అండ్ రన్ కేసు అయ్యేది. దానికి 161వ సెక్షన్ కింద ప్రభుత్వ నిధి ఉంది. చావుకు 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలు, 2022 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు 25 వేలు, 12,500 ఉండేవి, అవి మరీ ఎగతాళి. అంటే మనిషిని రోడ్డు మీద వదిలేసి పారిపోతే బాధితుడికి నిధి నుంచి ఎంతో కొంత అడిగే హక్కు ఉంది. ఆగి, ఆటో ఎక్కించి, పేరూ ఊరూ చెప్పి, నాకు ఇన్సూరెన్స్ లేదని ఒప్పుకుంటే ఆ హక్కు పోతుంది, ఎందుకంటే బండి దొరికింది కదా, ఓనర్ దగ్గర వసూలు చేసుకో అంటుంది చట్టం. చావుకు 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు తప్పెవరిదో రుజువు చెయ్యక్కర్లేకుండా ఇవ్వాలని 164వ సెక్షన్ చెబుతుంది నిజమే. ఇవ్వాల్సింది ఓనరో ఆయన కంపెనీయో. కంపెనీ లేదు. ఓనరు వరండాలో కింద కూర్చున్నాడు.

ఆ హిట్ అండ్ రన్ నిధి కూడా ఎంతమందికి అందుతోందంటే, ఆ సంగతి సుప్రీంకోర్టే 2024 జనవరిలో ఎత్తి చూపింది. 2022లో దేశంలో నమోదైన హిట్ అండ్ రన్ ప్రమాదాలు 67,387. 2022-23లో వచ్చిన దరఖాస్తులు 205. తేల్చినవి 95. ఇలాంటి పథకం ఒకటి ఉందని బాధితులకు పోలీసులే చెప్పాలని కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మీ ఎరుకలో అలాంటి కుటుంబం ఎవరైనా ఉంటే ఆర్డీవో ఆఫీసుకు వెళ్ళమని చెప్పండి, లాయరు అక్కర్లేదు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు క్యాష్‌లెస్ చికిత్స పథకం వచ్చింది. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా. ఇది 2017లో ఉంటే మా బాబాయి ఆపరేషన్ ఖర్చులో మంచి భాగం గట్టెక్కేది. కాని అది ఆసుపత్రి మంచం వరకే. ఆరు నెలలు పోయిన సంపాదనకీ, కుంటుతున్న కాలికీ అది జవాబు కాదు.

మరి బళ్ళకి ఇన్సూరెన్స్ లేకుండా ఇంతమంది ఎలా తిరుగుతున్నారు? సగానికి పైగా బళ్ళకి లేదని పార్లమెంటరీ కమిటీ నివేదికే చెప్పింది. సగానికి పైగా! అంటే ఈ రోజు మీ కారుని ఎవరైనా గుద్దితే వాడికి ఇన్సూరెన్స్ ఉంటుందా అన్నది బొమ్మా బొరుసూ వేసినట్టే.

దీనికి మా ఫ్రెండ్స్‌లో సులువైన సమాధానం ఉంది: జనానికి బుద్ధి లేదు, ఫైన్లు పెంచాలి. పెంచారు కదా. 2019 సవరణతో మొదటిసారి దొరికితే 2,000, మళ్ళీ దొరికితే 4,000, మూడు నెలల దాకా జైలు కూడా వెయ్యొచ్చు. 75 నుంచి 150 సీసీ బైకుకి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. రోజుకి రెండు రూపాయలు కూడా పడదు. ఫైను దాదాపు మూడింతలు. అయినా కట్టరు. ఎందుకంటే 2018లో సుప్రీంకోర్టు చెప్పాక కొత్త బైకుకి అయిదేళ్ళు, కొత్త కారుకి మూడేళ్ళు థర్డ్ పార్టీ కొనేటప్పుడే ఒకేసారి కట్టించేస్తున్నారు. అది మంచిదే, కాని ఆరో ఏడు వచ్చేసరికి దాన్ని గుర్తుచేసేవాడు ఉండడు. బండి అప్పటికి చేతులు మారి ఉంటుంది. మెసేజీలు పాత ఓనర్ ఫోన్‌కి పోతుంటాయి, అవీ వచ్చే వంద మెసేజీల్లో ఒకటి.

నీతులు చెప్పే ముందు ఇదీ చెప్పాలి. హబ్సిగూడ సంఘటన తర్వాత ఊరెళ్ళినప్పుడు మా నాన్న ఎక్స్‌ఎల్ సూపర్ నంబరు కూడా అదే యాప్‌లో కొట్టాను. పాలసీ ముగిసి తొమ్మిదేళ్ళు. "సెంటర్ దాకేగా పోయేది" అన్నాడు నాన్న. మా బాబాయిని గుద్దిన కుర్రాడు కూడా సెంటర్ దాకే పోతున్నాడు. అక్కడే కూర్చుని 538 రూపాయలు, పైన జీఎస్టీ కట్టాను, 75 సీసీ లోపు కాబట్టి అంతే. తమ్ముడి కాలు విరగ్గొట్టిన బైకుకి ఇన్సూరెన్స్ లేదని నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరిగిన మనిషి మా నాన్న.

ట్రాలీల సంగతి వేరు, అక్కడ బుద్ధి లేకపోవడం ఒక్కటే కాదు. అద్దెకి తిరిగే సరుకు బళ్ళలో మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్నవాటన్నిటికీ ఒకే థర్డ్ పార్టీ రేటు, 16,049 రూపాయలు. సరుకుతో కలిపి టన్నున్నర తూగే వాటర్ క్యాన్ల టాటా ఏస్‌కీ అంతే, దానికి నాలుగింతలు పైన బరువు మోసే వ్యానుకీ అంతే. ఈ గీత ఎవరు గీశారో గాని, చిన్నవాడి మీద పడే బరువు పట్టించుకోకుండా గీశారు. క్యాన్ ఇరవై ముప్పై రూపాయలకి అమ్ముకునే ప్లాంటు ఓనరు ఏడాదికొకసారి పదహారు వేలు ఒకేసారి తియ్యాలి. తీసి తీరాలి, సందేహం లేదు, రోడ్డెక్కించాక మనిషిని చంపగల బండి అది. కాని ఆ రేటును బరువును బట్టి నాలుగు ముక్కలు చేసి, నెలనెలా కట్టే వీలు ఇస్తే ఇప్పుడు ఎగ్గొట్టేవాళ్ళలో కొంతమందైనా కడతారని నాకనిపిస్తుంది. ఫాస్టాగ్‌లో రోజూ కోసుకునే వ్యవస్థ మనకుంది, థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం పెళ్ళి కట్నంలా ఒక్కసారే కావాలి.

అయితే ఓనర్లని మార్చడం ఎప్పటికవుతుందో తెలీదు. ఈలోగా గుద్దించుకున్నవాళ్ళ మాటేంటి? నా వాదన ఇక్కడే. మన చట్టం ఇన్సూరెన్స్ లేనివాడిని శిక్షించడం గురించి చాలా ఆలోచించింది, వాడి వల్ల దెబ్బ తిన్నవాడి గురించి ఆలోచించడం మర్చిపోయింది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఇన్సూరెన్స్ లేని బండి ప్రమాదం చేస్తే ఓనరు తగిన హామీ కట్టేదాకా విడిచిపెట్టొద్దు, మూడు నెలల్లో కట్టకపోతే వేలం వేసి ఆ సొమ్ము ట్రిబ్యునల్లో జమ చెయ్యాలి అన్న నిబంధన అన్ని రాష్ట్రాలూ తేవాలని చెప్పింది. మంచి మాటే. కాని పదేళ్ళ బైకుని వేలం వేస్తే ఎంతొస్తుంది? పది వేలా? ఆరు లక్షల నలభై వేలలో అది ఏ మూలకి?

బ్రిటన్‌లో 1946 నుంచీ మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో అని ఒకటి నడుస్తోంది. అక్కడ బళ్ళకి ఇన్సూరెన్స్ అమ్మే ప్రతి కంపెనీ దాంట్లో సభ్యత్వం తీసుకోవాలి, డబ్బు వెయ్యాలి. గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, వాడెవడో అసలు దొరక్కపోయినా, బాధితుడు ఆ బ్యూరో దగ్గరికి పోతాడు. బ్యూరో ఇస్తుంది, తర్వాత ఓనర్ వెంట పడేది బ్యూరో. తాపీ మేస్త్రితో వరండాలో కూర్చునే పని మా బాబాయిది కాదు అక్కడ.

అమెరికాలో ఇంకో దారి. మా పిన్ని కొడుకు డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు, వాడి పాలసీ కాగితాలు తెప్పించుకుని చూశాను. అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవర్ అని వేరే వరసే ఉంది. ఇన్సూరెన్స్ లేనివాడు నిన్ను గుద్దితే వాడి బదులు నీ కంపెనీయే నీ గాయాలకు ఇస్తుంది. టెక్సాస్‌లో ఈ కవర్ వద్దు అని నువ్వు రాసి సంతకం పెడితే తప్ప కంపెనీ దాన్ని పాలసీలో ఉంచాల్సిందే. న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో వద్దనడానికి కూడా లేదు. మావాడేం చేశాడు? కొత్తగా వెళ్ళిన రోజుల్లో నెలకి కొన్ని డాలర్లు తగ్గుతాయని ఆన్‌లైన్లో ఆ టిక్కు తీసేసి, కింద ఈ-సంతకం పెట్టేశాడు. "అన్నయ్యా, నాకు లయబిలిటీ ఉందిగా" అంటాడు. లయబిలిటీ అంటే మన థర్డ్ పార్టీయే రా, అది ఎదుటివాడికి అని అరగంట చెప్పాను. మర్నాడు మళ్ళీ పెట్టించుకున్నాడు. అక్కడున్న మనవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే పాలసీ మొదటి పేజీ ఒకసారి తీసి ఆ వరస పక్కన అంకె ఉందో, రిజెక్టెడ్ అని ఉందో చూసుకోండి.

మనకి కావాల్సింది ఈ రెండిట్లో ఏదైనా ఒకటి. నన్నడిగితే మొదటిదే. ఎందుకంటే మా బాబాయి నడిచి వెళ్తున్నాడు, ఆయనకి కారూ లేదు, పాలసీ ఉండే అవకాశమూ లేదు. మన రోడ్ల మీద చచ్చిపోయేవాళ్ళలో ఎక్కువమంది బైకుల మీద వాళ్ళు, నడిచేవాళ్ళు. హిట్ అండ్ రన్‌కి నిధి పెట్టిన ప్రభుత్వం అదే నిధిని ఇన్సూరెన్స్ లేని బండి కేసులకి కూడా తెరిచి, ట్రిబ్యునల్ అవార్డు ముందు నిధి నుంచి ఇచ్చేసి, ఓనర్ దగ్గర భూమిశిస్తు బకాయిలాగానో ఇంకెలాగానో తను వసూలు చేసుకోవచ్చు. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. లైసెన్స్ లేకుండా నడిపినా, బండికి ఇన్సూరెన్స్ ఉంటే, ముందు కంపెనీ బాధితుడికి కట్టి తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోవాలని కోర్టులు చాలా కేసుల్లో చెప్తూనే వచ్చాయి, 2004లో స్వరణ్ సింగ్ కేసు తీర్పు దగ్గర్నుంచి. లైసెన్స్ లేనివాడు గుద్దితే ఉన్న దారి, ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే ఎందుకు ఉండకూడదు?

దీనికి మా ఆఫీసులో ఒకాయన వెంటనే అన్నాడు, "అంటే కట్టేవాళ్ళం ఎగ్గొట్టేవాళ్ళ కోసం కూడా కట్టాలా?" అవును సార్, ఇప్పుడూ కడుతున్నాం. నా పోయిన ఎన్‌సీబీ ఎవరి కోసం? ప్రీమియం రూపంలో కాదు గాని మా బాబాయి నాలుగు లక్షలు ఎవరి కోసం? ఎలాగూ మనమే కడుతున్నప్పుడు, ఎవడికి తగిలితే వాడొక్కడే మునిగిపోయే బదులు అందరం కాస్త కాస్త వేసుకుందాం అంటున్నాను. ఇన్సూరెన్స్ అన్న మాటకి అర్థం అదే కదా.

ఇంకో గుంట కూడా ఉంది, దీంట్లో పడేది మనలాంటి "పద్ధతిగా ఉండేవాళ్ళే". బండి అమ్మేస్తాం, డబ్బు తీసుకుంటాం, పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తాం, కొన్నవాడు ఆర్సీ మార్పించుకుంటాడులే అనుకుంటాం. వాడు మార్పించుకోడు, ఇన్సూరెన్స్ కట్టడు, ఎవరినో గుద్దుతాడు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు, పరిహారం వాళ్ళే ఇవ్వాలి. మధ్యలో బండి నాలుగు చేతులు మారినా సరే. కాబట్టి అమ్మిన నెల తర్వాత ఒకసారి ఆ నంబరు యాప్‌లో కొట్టి చూసుకోండి, పేరు మారిందో లేదో. నేను 2016లో అమ్మిన పల్సర్ ఇప్పటికీ నా పేరు మీదే ఉండేది, చచ్చీ చెడీ కొన్నవాడిని పట్టుకుని మార్పించాను.

ఇక గుద్దినప్పుడు ఆ క్షణంలో ఏం చెయ్యాలంటే, నాకు తెలిసింది ఇంతే. ముందు నంబరు ప్లేటు, రెండు బళ్ళూ ఉన్న తీరు కనపడేలా ఫొటో, తర్వాతే తిట్లు. ఎవరికైనా దెబ్బలు తగిలితే, చిన్నవైనా సరే, రాజీ మాట వద్దు, స్టేషన్‌లో రాయించండి. ఎఫ్‌ఐఆర్ లేకపోతే ట్రిబ్యునల్లో కేసు బరువు తగ్గిపోతుంది, పైగా 2022 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వెయ్యాలన్న గడువు పెట్టారు, దాని మీద సుప్రీంకోర్టు దాకా వివాదం వెళ్ళింది, మనం మాత్రం ఆరు నెలలే అనుకుని నడవడం క్షేమం. రేకు దెబ్బే అయితే, ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ చేద్దామనుకుంటే, వాడిచ్చే రెండు వేలు తీసుకుని "ఇక నాకేమీ సంబంధం లేదు" అని కాగితం రాసివ్వకండి, రేపు కంపెనీ దాన్నే పట్టుకుని అడగొచ్చు. కవర్లలో మాత్రం ప్యాసింజర్లకు పర్సనల్ యాక్సిడెంట్ యాడ్ ఆన్ ఒకటి ఉంటుంది, కొన్ని వందలతో వస్తుంది, దాన్ని నేను ఈసారి రెన్యువల్‌లో వేయించాను. దానికంటే ముఖ్యం ఇంట్లో అందరికీ మంచి హెల్త్ ఇన్సూరెన్స్. గుద్దినవాడి జాతకం ఏదైనా ఆసుపత్రి బిల్లు అది కడుతుంది.

నేను ఆ రోజు ఏం చేశానని అడుగుతారేమో. రెండు వేలూ తీసుకోలేదు, కేసూ పెట్టలేదు. పిల్లకి ఏమీ కాలేదు, కేకు పై క్రీము మాత్రం డబ్బా మూతకి అంటుకుంది. ఆ కుర్రాడితో "మీ ఓనర్‌కి చెప్పు, ఇన్సూరెన్స్ కట్టేదాకా బండి తీయనని" అన్నాను. వాడు నన్ను చూసి నవ్వాడు. బండి తీయనంటే వాడి ఉద్యోగం ఉంటుందా అని నాకు ఇంటికొచ్చాక తట్టింది.

ట్రాలీ నంబరు ఫోన్లో దాచుకున్నాను. మొన్న ఆదివారం మళ్ళీ కొట్టి చూశాను. అదే గడువు తేదీ, అదే ఎర్ర అక్షరాలు. కిందికి దిగితే మా అపార్ట్‌మెంట్ గేటు ముందు అదే బండి ఆగి ఉంది, మూడో అంతస్తు వాళ్ళకి క్యాన్లు దించుతున్నాడు. నన్ను చూసి "నమస్తే అన్నా" అన్నాడు. ముందు ఇండికేటర్ అద్దం ఇంకా పగిలే ఉంది. రివర్స్ తీసుకుంటానంటే నేనే వెనక నిలబడి, రా రా అని చెప్పి పంపించాను.